మేజర్ సోమనాథ్ శర్మకు ఆ ధైర్యం మిలటరీ కుటుంబం నుంచే వచ్చిందా? మామూలు ఇంటి పిల్లలకు రాదా?

తర్వాత చదివేవాళ్ల కోసం నీ ప్రశ్నను ముందు క్లుప్తంగా చెబుతాను. నువ్వు ఇంటర్ సెకండియర్. నాన్న తాపీ మేస్త్రీ. కాలేజీలో మొదటి పరమవీర చక్ర (యుద్ధంలో చూపిన ధైర్యానికి మన దేశం ఇచ్చే అత్యున్నత పతకం) గ్రహీత మేజర్ సోమనాథ్ శర్మ మీద ప్రాజెక్టు ఇచ్చారు. చదువుతూ పోతే ఆయన తండ్రి మేజర్ జనరల్ అని, ఒక తమ్ముడు లెఫ్టినెంట్ జనరల్, ఇంకో తమ్ముడు ఏకంగా ఆర్మీ చీఫ్ అయ్యారని తెలిసింది. దాంతో నీకు దిగులు పట్టుకుంది. "ఇలాంటి ఇళ్లలో పుట్టినవాళ్లకే ఆ ధైర్యం వస్తుందా? మా వంశంలో ఒక్కరు కూడా మిలటరీలో లేరు. నేను ఎన్‌డీఏ రాయడం టైమ్ వేస్టా? ఎస్‌ఎస్‌బీ ఫారంలో తండ్రి వృత్తి దగ్గర ఏం రాయాలి?" అని అడిగావు. ఎన్‌డీఏ అంటే ఇంటర్ తర్వాత ఆఫీసరు శిక్షణకు తీసుకునే నేషనల్ డిఫెన్స్ అకాడమీ; ఎస్‌ఎస్‌బీ అంటే ఆఫీసర్లను ఎంపిక చేసే ఇంటర్వ్యూ బోర్డు.

నా కూతురి కన్నా చిన్నదానివి కాబట్టి నువ్వు అనే రాస్తున్నానమ్మా. నేను ఇన్‌ఫాంట్రీలో (పదాతిదళంలో) 22 ఏళ్లు చేసి లెఫ్టినెంట్ కల్నల్‌గా రిటైరయ్యాను. అందులో రెండు విడతలు కశ్మీర్‌లోనే. ఇప్పుడు పదకొండేళ్లుగా సికింద్రాబాద్‌లో ఎస్‌ఎస్‌బీకి వెళ్లే పిల్లలకు శిక్షణ ఇస్తున్నాను. మా నాన్న ఒంగోలు దగ్గర పొగాకు రైతు.

సూటిగా జవాబు: రాయి. తప్పకుండా రాయి. మిలటరీ కుటుంబం సోమనాథ్ శర్మకు ఒకటి ఇచ్చింది. ఈ ఉద్యోగానికి చెల్లించాల్సిన ధర ఎంతో చిన్నప్పుడే తెలిసేలా చేసింది. కానీ కశ్మీర్‌లోని బడ్గామ్‌లో ఆయన చేసిన పని మాత్రం ఇంటి నుంచి తెచ్చుకున్నది కాదు, తన కంపెనీ జవాన్ల మధ్య నేర్చుకున్నది. నేను ఇలా ఎందుకు అనుకుంటున్నానో ఆయన జీవితం చెబితే తప్ప అర్థం కాదు. అందుకే కొంచెం పెద్ద జవాబు రాస్తున్నాను. నీ ప్రాజెక్టుకూ పనికొస్తుంది.

సోమనాథ్ 1923 జనవరి 31న కాంగ్రా ప్రాంతంలోని దాఢ్ అనే ఊళ్లో పుట్టారు. అది ఇప్పుడు హిమాచల్ ప్రదేశ్‌లో ఉంది. తండ్రి అమర్‌నాథ్ శర్మ సైన్యంలో డాక్టర్. సోదరి కమల కూడా డాక్టరై సైన్యంలో చేరి మేజర్ హోదాలో పనిచేశారు. తమ్ముడు సురీంద్రనాథ్ ఇంజనీర్ల విభాగంలో చేరి, లెఫ్టినెంట్ జనరల్‌గా సైన్యం మొత్తానికి ఇంజనీర్-ఇన్-చీఫ్ అయ్యారు. ఇంకో తమ్ముడు విశ్వనాథ్ 1988 నుంచి 1990 వరకు ఆర్మీ చీఫ్. ఒకే ఇంట్లో ఇన్ని యూనిఫామ్‌లు! నీకు భయం వేయడంలో తప్పేమీ లేదు.

సోమనాథ్ నైనిటాల్‌లోని షేర్‌వుడ్ కాలేజీలో చదివారు. పదేళ్ల వయసులో డెహ్రాడూన్‌లోని సైనిక కళాశాలకు వెళ్లారు. అప్పట్లో దాన్ని ప్రిన్స్ ఆఫ్ వేల్స్ పేరుతో పిలిచేవాళ్లు, ఇప్పుడు మనం ఆర్‌ఐఎంసీ అంటాం. చిన్నతనంలో తాతగారు దగ్గర కూర్చోబెట్టుకుని భగవద్గీత చెప్పేవారు. గీత సంగతి గుర్తుపెట్టుకో, చివర్లో మళ్లీ వస్తుంది.

చాలామంది ఒక్క లైనులో దాటేసే విషయం ఒకటుంది. సోమనాథ్ మేనమామ కెప్టెన్ కృష్ణదత్ వాసుదేవ్ హైదరాబాద్ రెజిమెంట్‌లో ఆఫీసర్. రెండో ప్రపంచ యుద్ధంలో మలయా పోరులో జపాన్ సేనలతో తలపడి చనిపోయారు. తన జవాన్లను కాపాడుతూ పోయారని చెబుతారు. మలయా పోరు 1941 డిసెంబరులో మొదలై 1942 జనవరి చివరికి ముగిసింది. సోమనాథ్ కమిషన్ (ఆఫీసరుగా నియామకం) పొందింది 1942 ఫిబ్రవరి 22న. తేదీలు పక్కపక్కన పెట్టి చూడు. మేనమామ పోయిన కొద్ది వారాలకే, పందొమ్మిదేళ్ల కుర్రాడు అదే హైదరాబాద్ రెజిమెంట్‌లో ఆఫీసరుగా అడుగుపెట్టాడు.

మిలటరీ ఇల్లు పిల్లలకు ఇచ్చేది ఇదే. పరేడ్లు, మెడల్స్, సెల్యూట్లు బయటివాళ్లకు కనబడతాయి. టెలిగ్రామ్ వచ్చిన రోజు ఇల్లు ఎలా ఉంటుందో లోపలివాళ్లకే తెలుస్తుంది. అది చూసి కూడా చేరాలని అనుకున్నవాడు కళ్లు తెరుచుకునే చేరతాడు. ఈ విషయంలో ఫౌజీ (సైనిక) ఇళ్ల పిల్లలు మనకన్నా ఒక అడుగు ముందు ఉంటారు, కాదనను. కానీ ఆ ధర తెలిసి వెనక్కి తగ్గిన పిల్లలు కూడా అలాంటి ఇళ్లలోనే ఉంటారు. వాళ్ల గురించి తర్వాత చెబుతాను.

హైదరాబాద్ రెజిమెంట్ అన్నాను కదా, మన తెలుగువాళ్లలో చాలామందికి తెలియని సంగతి అది. ఇప్పుడు ఎవరైనా సోమనాథ్ శర్మది కుమావ్ రెజిమెంట్ అంటారు. నిజమే. అయితే ఆ రెజిమెంట్ మూలాలు మన నిజాం రాజ్యంలో ఉన్నాయి. 1813లో హైదరాబాద్ రెసిడెంట్‌గా (బ్రిటిష్ ప్రతినిధిగా) ఉన్న హెన్రీ రస్సెల్ నిజాం ఖర్చుతో ఒక దళాన్ని తయారుచేశాడు. దాన్ని రస్సెల్ బ్రిగేడ్ అనేవారు. అదే తర్వాత హైదరాబాద్ కంటింజెంట్ అయింది. 1922లో 19వ హైదరాబాద్ రెజిమెంట్‌గా పేరు మారింది. అందులో జవాన్లు ఎక్కువగా ఉత్తరాది వాళ్లే, ముఖ్యంగా కుమావ్ కొండల వాళ్లు. అందుకని 1945 అక్టోబరులో రెజిమెంట్ పేరే కుమావ్ అయిపోయింది. పేరు పోయినా గుర్తు పోలేదు. ఇప్పటికీ కుమావ్ జవాను టోపీ మీద ఉండే సింహం, హైదరాబాద్‌లో ఉన్న ఆ రస్సెల్ వంశ చిహ్నం నుంచి వచ్చిందే. 1955 నుంచి 1957 వరకు సైన్యాధిపతిగా ఉండి, తర్వాత 1962-64లో ఆంధ్రప్రదేశ్ గవర్నర్‌గా పనిచేసిన జనరల్ శ్రీనగేష్ కూడా ఇదే రెజిమెంట్ మనిషి. రాణీఖేత్‌లో రెజిమెంట్ సెంటర్ చూడటానికి వెళ్లినప్పుడు, హైదరాబాద్ నుంచి వచ్చానని చెబితే అక్కడి సుబేదార్ సాబ్ "అయితే మీరు మా పాత ఇంటివాళ్లు" అన్నాడు. ఆ మాట నేను మర్చిపోలేదు.

ఇక బర్మా యుద్ధం. సోమనాథ్ అరకాన్ ప్రాంతంలో జపాన్ వాళ్లతో పోరాడారు. అప్పుడు ఆయన బెటాలియన్ కమాండర్ కె.ఎస్. తిమ్మయ్య, తర్వాత ఆర్మీ చీఫ్ అయిన తిమ్మయ్యే. ఆ పోరులో జరిగిన ఒక సంగతి సైన్యంలో ఇప్పటికీ చెప్పుకుంటారు. సోమనాథ్ ఆర్డర్లీ (సహాయకుడు), బహాదుర్ అనే జవాను, గాయపడి నడవలేకపోయాడు. సోమనాథ్ అతన్ని వీపు మీద వేసుకుని నడుస్తున్నారు. బరువుతో వెనకబడిపోతుంటే తిమ్మయ్య చూసి, అతన్ని దించి త్వరగా రమ్మని ఆదేశించారు. సోమనాథ్ ఒప్పుకోలేదు. ఇతను నా మనిషి, గాయపడ్డాడు, వదిలి రాలేను అన్నారు. చివరికి మోసుకుంటూనే తెచ్చారు, అతని ప్రాణం నిలిచింది.

నన్నడిగితే ఆయన్ని తయారుచేసింది ఈ ఘటనే అంటాను. కమాండింగ్ ఆఫీసర్ మాటకు ఇరవై ఒకటి, ఇరవై రెండేళ్ల ఆఫీసర్ ఎదురు చెప్పడం చిన్న విషయం కాదు. జనరల్ గారి అబ్బాయి అయినంత మాత్రాన ఆ పని చేయలేరు. ఆ జవాను మీద 'నావాడు' అన్న భావం గట్టిగా ఉండాలి. అది ఏ ఇంట్లోనూ ముందుగా పుట్టదమ్మా. జవాన్లతో కలిసి తిని, కలిసి తడిసి, వాళ్ల ఊళ్ల నుంచి వచ్చిన ఉత్తరాలు చదివిపెడితే పుడుతుంది.

1947 అక్టోబరుకు వద్దాం. 22న పాకిస్తాన్ వైపు నుంచి గిరిజన లష్కర్లు (సాయుధ దండులు) కశ్మీర్‌లోకి చొరబడ్డాయి. 26న మహారాజా హరిసింగ్ భారత్‌లో విలీనానికి సంతకం చేశారు. 27 ఉదయం డకోటా విమానాల్లో మొదటి సిక్కు బెటాలియన్ శ్రీనగర్‌లో దిగింది. వాళ్ల కమాండర్ లెఫ్టినెంట్ కల్నల్ రంజిత్ రాయ్ దిగిన రోజే బారాముల్లా దగ్గర చనిపోయారు. అప్పటి పరిస్థితి ఊహించుకో. రోడ్డు దారిలో సైన్యం చేరాలంటే రోజులు పడుతుంది, శీతాకాలం దగ్గరపడుతోంది. శ్రీనగర్ విమానాశ్రయం ఒక్కటే ఆధారం. అది పోతే ఒక్క జవాను కూడా దిగలేడు, ఒక్క బుల్లెట్ పెట్టె కూడా చేరదు, లోయ మొత్తం పోతుంది.

సోమనాథ్ అప్పుడు నాలుగో కుమావ్ బెటాలియన్‌లో డి కంపెనీ కమాండర్. అంతకుముందు హాకీ ఆడుతూ చెయ్యి విరగ్గొట్టుకున్నారు, చేతికి పిండికట్టు ఉంది. రూలు ప్రకారం ఆయన యుద్ధానికి వెళ్లనక్కర్లేదు. నువ్వు ఉండిపో అన్నారు కూడా. నా కంపెనీ వెళ్తుంటే నేను ఉండను అని పట్టుబట్టి, అనుమతి తెచ్చుకుని, అక్టోబరు 31న పిండికట్టుతోనే విమానమెక్కారు.

నవంబరు 3న బడ్గామ్ వైపు గస్తీకి మూడు కంపెనీలను పంపారు. బడ్గామ్ విమానాశ్రయానికి దగ్గరే. నేను మొదటిసారి శ్రీనగర్‌లో దిగినప్పుడు, పక్కనున్న జేసీవో (జూనియర్ కమిషన్డ్ ఆఫీసర్) చెయ్యి చాచి "అటే సాబ్, బడ్గామ్" అని చూపించాడు. ఎంత దగ్గరో చూశాక నాకు ఒళ్లు జలదరించింది. మధ్యాహ్నం దాకా ఊరు మామూలుగానే ఉంది. శత్రువు జాడ లేదని బ్రిగేడ్ రెండు కంపెనీలను వెనక్కి పిలిచింది. సోమనాథ్ కంపెనీ మాత్రం ఇంకాసేపు ఉండాలి.

మధ్యాహ్నం రెండున్నర దాటాక ఊళ్లోని ఇళ్ల నుంచి కాల్పులు మొదలయ్యాయి. సోమనాథ్ వైర్‌లెస్‌లో బ్రిగేడ్ కమాండర్ ఎల్.పి. సేన్‌కు చెప్పింది ఏమిటంటే, ఇళ్లలో ఆడవాళ్లు, పిల్లలు ఉన్నారు, వాళ్లకు తగులుతుందని తిరిగి కాల్చడం లేదు అని. ఈ మాట మీద నేను కాసేపు ఆగుతాను.

నేను కంపెనీ కమాండర్‌గా ఉన్నప్పుడు ఒక రాత్రి ఒక ఇంటిని చుట్టుముట్టాం. లోపలి నుంచి కాల్పులు వచ్చాయి. నా జవాను ఒకడికి భుజంలో బుల్లెట్ దిగింది. అదే ఇంట్లో ఒక పసిబిడ్డ ఏడుపు నాకు స్పష్టంగా వినబడుతోంది. నా వెనక ముప్పై మంది నా నోటి మాట కోసం చూస్తున్నారు. ఆ కొన్ని నిమిషాల్లో ఎంత టెన్షన్ పడ్డానో ఇప్పటికీ చెప్పలేను. మేం కాల్చలేదు. తెల్లారేదాకా ఆగాం, బిడ్డా తల్లీ బయటికొచ్చారు, నా జవాను బతికాడు. నా వెనక అదనపు బలగం ఉంది, డాక్టర్ ఉన్నాడు. సోమనాథ్‌కు అవేవీ లేవు. అయినా ఆయన ఆగారు. పరమవీర చక్ర గురించి మాట్లాడేటప్పుడు జనం చివరి బుల్లెట్ గురించే చెబుతారు. కాల్చకుండా ఆపుకున్న ఆ మొదటి బుల్లెట్లు నాకు ఇంకా గొప్పగా అనిపిస్తాయి.

అంతలో పడమటి వైపు నుంచి వందల మంది ఒక్కసారిగా మీదపడ్డారు, మోర్టార్లతో సహా. మూడు వైపులా చుట్టుముట్టారు. మనవాళ్లు ఒకరైతే అవతల ఏడుగురు. సోమనాథ్ దాక్కోలేదు. ఒక సెక్షన్ (కంపెనీలోని చిన్న జట్టు) నుంచి ఇంకో సెక్షన్‌కు ఖాళీ మైదానంలో పరుగెత్తుతూ జవాన్లను నిలబెట్టారు. పైన మన విమానాలు తిరుగుతున్నాయి, కానీ ఎవరు ఎక్కడున్నారో పైలట్‌కు తెలియదు. శత్రువు చూస్తుండగానే సోమనాథ్ నేల మీద గుడ్డ పట్టీలు పరిచి విమానాలకు గురి చూపించారు. చేతికి పిండికట్టు ఉందని మళ్లీ గుర్తు చేస్తున్నాను.

జవాన్లు ఒక్కొక్కరే పడిపోతున్నారు. ఎల్‌ఎంజీల (తేలికపాటి మెషిన్ గన్‌ల) దగ్గర మనుషులు తగ్గిపోయారు. అప్పుడు ఆయన ఏం చేశారో తెలుసా? కూర్చుని మ్యాగజైన్లలో బుల్లెట్లు నింపి గన్నర్లకు అందించడం మొదలుపెట్టారు. అది కంపెనీలో అందరికన్నా జూనియర్ జవాను చేసే పని. ఆయన మేజర్. చివరిసారి వైర్‌లెస్‌లో శత్రువు యాభై గజాల దూరంలో ఉన్నాడని, మనవాళ్లకన్నా చాలా ఎక్కువమంది ఉన్నారని, అయినా ఒక్క అంగుళం వెనక్కి తగ్గనని, చివరి మనిషి, చివరి తూటా వరకూ పోరాడతానని చెప్పారు. ఆ కాసేపటికే ఆయన పక్కనున్న మందుగుండు మీద మోర్టార్ షెల్ పడింది.

ఆయన పోయాక కూడా జవాన్లు పోరు ఆపలేదు. మొత్తం ఆరు గంటల పాటు శత్రువును అక్కడే నిలబెట్టారు. ఆయనతో పాటు ఒక జేసీవో, 20 మంది జవాన్లు చనిపోయారు. సాయంగా వెళ్లిన కంపెనీ చేరేసరికి ఆ స్థావరం చేజారిపోయింది. కానీ ఆ ఆరు గంటల్లో విమానాశ్రయం నిలబడింది, విమానాలు దిగుతూనే ఉన్నాయి. నాలుగు రోజుల తర్వాత, నవంబరు 7న, షాలాటెంగ్ దగ్గర లష్కర్లను మన సైన్యం తరిమికొట్టింది.

సోమనాథ్ చనిపోయిన మూడు రోజులకు ఆయన దేహం దొరికింది. గుర్తుపట్టే స్థితిలో లేదు. నడుముకున్న పిస్టల్ తోలు సంచిని, చొక్కా జేబులో ఉన్న కొన్ని భగవద్గీత పేజీలను చూసి ఆయనే అని నిర్ధారించారు. చిన్నప్పుడు తాతగారు చెప్పిన గీత అని ఇందాక అన్నాను కదా. ఆయన వయసు అప్పటికి ఇరవై నాలుగు.

ప్రాజెక్టులో పొరపాటు రాయకుండా ఒక విషయం. 1947లోనే పరమవీర చక్ర ఇచ్చారని చాలాచోట్ల కనబడుతుంది. అప్పటికి ఆ పతకమే లేదు. 1950 జనవరి 26న దాన్ని ఏర్పాటు చేసి, 1947 ఆగస్టు 15 నుంచి జరిగిన వీరకార్యాలకు వర్తించేలా చేశారు. సోమనాథ్ పేరును 1950 జూన్ 21న ప్రకటించారు. కొడుకు పతకాన్ని తండ్రి అందుకున్నారు. ఆ పతకాన్ని రూపొందించింది సావిత్రీ ఖానోల్కర్ అనే ఆవిడ. యూరప్‌లో పుట్టి, భారత సైన్యాధికారిని పెళ్లాడి, మన పురాణాలన్నీ చదువుకున్న మనిషి. దధీచి మహర్షి ఎముకలతో చేసిన వజ్రాయుధాన్ని నాలుగు వైపులా పెట్టి ఆ పతకం గీశారు. ఆవిడ కూతుర్నే సోమనాథ్ తమ్ముడు సురీంద్రనాథ్ పెళ్లి చేసుకున్నారు. తాను గీసిన మొదటి పతకం తన అల్లుడి అన్నకే దక్కింది.

ఇంకో తేదీ కూడా చూడు. చిన్న తమ్ముడు విశ్వనాథ్ ఆఫీసరుగా కమిషన్ పొందింది కూడా ఆ 1950 జూన్‌లోనే. ఆ ఇంట్లో అన్న పతకం, తమ్ముడి భుజం మీద మొదటి నక్షత్రం ఒకే నెలలో వచ్చాయి. ఆ తల్లి ఆ నెలంతా ఎలా గడిపిందో అని నేను చాలాసార్లు ఆలోచించాను. స్వాతంత్ర్యం తర్వాత కమిషన్ పొందినవాళ్లలో ఆర్మీ చీఫ్ అయిన మొదటి వ్యక్తి ఆ విశ్వనాథే. 2023లో అండమాన్‌లో 21 దీవులకు 21 మంది పరమవీర చక్ర గ్రహీతల పేర్లు పెట్టినప్పుడు, పేరు లేని వాటిలో అన్నింటికన్నా పెద్ద దీవికి సోమనాథ్ పేరు పెట్టారు.

ఇప్పుడు నీ భయం సంగతి.

ఆ 21 మంది జాబితానే తీసుకుని ఒక్కొక్కరి ఇల్లు చూడు. నాయక్ యదునాథ్ సింగ్ రైతు కొడుకు. 1948 ఫిబ్రవరి 6న నౌషేరా దగ్గర తన చిన్న పికెట్‌ను (కాపలా స్థావరాన్ని) మూడు దాడుల నుంచి కాపాడి చనిపోయారు. 1965లో ఖేమ్‌కరణ్ దగ్గర జీపు మీద గన్‌తో పాకిస్తాన్ ట్యాంకులను పేల్చిన అబ్దుల్ హమీద్ వాళ్ల నాన్న దర్జీ. హమీద్ కూడా కుర్రతనంలో మిషన్ దగ్గర కూర్చుని బట్టలు కుట్టినవాడే. ఆ పతకం తండ్రి హోదా చూసి రాలేదు.

మన దగ్గరికే రా. 2020 జూన్ 15 రాత్రి గల్వాన్‌లో చనిపోయిన కల్నల్ సంతోష్ బాబుది సూర్యాపేట. తండ్రి బ్యాంకు ఉద్యోగి. ఆయన కోరుకొండ సైనిక్ స్కూల్లో చదివి, ఎన్‌డీఏకి వెళ్లి, 16 బిహార్ బెటాలియన్‌కు కమాండింగ్ ఆఫీసర్ అయ్యారు. పరమవీర చక్ర తర్వాతి స్థాయి పతకమైన మహావీర చక్ర వచ్చింది. ఇంకోవైపు కార్గిల్‌లో 1999 జూన్ 28న చనిపోయిన మేజర్ పద్మపాణి ఆచార్య. హైదరాబాద్‌లో పెరిగారు, ఉస్మానియా విద్యార్థి. తండ్రి వైమానిక దళంలో వింగ్ కమాండర్‌గా చేశారు. ఆయనకూ మహావీర చక్రే. ఒకరిది ఫౌజీ ఇల్లు, ఒకరిది కాదు. ఇద్దరూ ముందు వరసలో, తమ జవాన్ల పక్కనే పోయారు. గోదావరి జిల్లాలో మిలటరీ మాధవరం అని ఊరుంది, తాడేపల్లిగూడెం దగ్గర. ఆ ఊరి ప్రతి కుటుంబంలోనూ మొదటిసారి వెళ్లినవాడి వెనక ఏ మిలటరీ తాతా లేడు కదా. ఎవరో ఒకరు మొదట వెళ్లాలి.

నా దగ్గరికి వచ్చిన పిల్లల్లో ఇద్దరి గురించి చెబుతాను. ఒకబ్బాయి మూడు తరాల ఫౌజీ ఇంటివాడు. నడక, మాట, ఇంగ్లీషు, అన్నీ చక్కగా ఉండేవి. ఎస్‌ఎస్‌బీలో మూడుసార్లు తిరిగొచ్చాడు. నాలుగోసారికి ముందు నా గదిలో కూర్చుని, తనకు ఇది ఇష్టం లేదని, తాతగారి ఫొటో ముందు ఆ మాట చెప్పలేక వెళ్తున్నానని ఏడ్చాడు. నేనే వాళ్ల నాన్నగారితో మాట్లాడాను. ఇప్పుడు బొమ్మలు గీసే ఉద్యోగం చేస్తున్నాడు, ఆనందంగా ఉన్నాడు. ఇల్లు అతనికి అన్నీ ఇచ్చింది, కోరికను మాత్రం ఇవ్వలేకపోయింది.

ఇంకొకమ్మాయి. తండ్రికి ఆటో ఉంది. గ్రూప్ టాస్క్‌లలో మొదట్లో నోరు విప్పేది కాదు. ఒకరోజు ప్రాక్టీసులో కర్రలు, తాళ్లతో గండి దాటించే పని ఇచ్చాను. అందరూ నేనంటే నేనని ప్లాన్లు చెబుతున్నారు. ఈ పిల్ల మాట్లాడకుండా, కాలు బెణికి కుంటుతున్న ఒకబ్బాయి దగ్గరికి వెళ్లి, "ముందు ఇతను ఎలా దాటాలో చూద్దాం, మిగతావాళ్లం ఎలాగైనా దాటతాం" అంది. బహాదుర్‌ను వీపు మీద మోసిన కథ ఆ అమ్మాయికి అప్పటికి తెలియదు. రెండో ప్రయత్నంలో సెలెక్టయింది. ఇప్పుడు ఈశాన్యంలో కెప్టెన్.

మరి ఫౌజీ పిల్లలకు ఏ లాభమూ లేదా? ఉంది. ర్యాంకులు, వాడుక మాటలు, క్యాంటీన్ భాష అన్నీ తెలుసు కాబట్టి బెరుకు ఉండదు. మెస్‌లో ఫోర్కు ఎటు పట్టుకోవాలో తెలుసు. రెండేళ్లకోసారి ఊరు మారి, కొత్తవాళ్లతో కలవడం అలవాటు. ఇంగ్లీషు నోట్లో ఆడుతుంది. ఇవి నిజమైన లాభాలే, నేను దాచను. కానీ ఇవన్నీ అకాడమీలో మొదటి ఆరు నెలల్లో మనకూ వచ్చేస్తాయి. నాకు వచ్చాయి. మొదటి నెలలో సూప్ ఎలా తాగాలో తెలియక పక్కవాడిని చూసి తాగాను, అంతే. ఎస్‌ఎస్‌బీకి 900 మార్కులు, రాత పరీక్షకు 900. రాతలో లెక్కలకు 300, జనరల్ ఎబిలిటీకి 600. వీటిలో ఎక్కడా తండ్రి ఉద్యోగానికి మార్కులు లేవు. యూపీఎస్సీ ఏడాదికి రెండుసార్లు పరీక్ష పెడుతుంది. ఆర్మీ వింగ్‌కు ఇంటర్ ఏ గ్రూపైనా చాలు, నేవీకి, ఎయిర్‌ఫోర్స్‌కు మ్యాథ్స్, ఫిజిక్స్, కెమిస్ట్రీ ఉండాలి. ఆడపిల్లలు 2022 నుంచి ఎన్‌డీఏలో ఉన్నారు, మొదటి బ్యాచ్ 2025 మేలో బయటికొచ్చింది. ఒకవేళ ఎన్‌డీఏ వయసు దాటినా డిగ్రీ తర్వాత సీడీఎస్ (కంబైన్డ్ డిఫెన్స్ సర్వీసెస్ పరీక్ష) రాసి చెన్నై ఓటీఏకి (ఆఫీసర్స్ ట్రైనింగ్ అకాడమీకి) వెళ్లే దారి ఉంది.

నీకు తక్కువగా ఉన్నది ఒక్కటే, ఆ ధర గురించిన ఎరుక. అది పుస్తకాల్లో దొరకదు. మీ జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయానికి ఒకసారి నాన్నతో కలిసి వెళ్లు. అక్కడికి పనుల మీద వచ్చే మాజీ సైనికులు, వీరనారులు (అమరులైన సైనికుల భార్యలు) ఉంటారు. వాళ్ల పక్కన కూర్చుని, చెప్పినంత విను. ఇంటికొచ్చాక కూడా వెళ్లాలనే అనిపిస్తే, సోమనాథ్‌కు పందొమ్మిదేళ్లకు తెలిసింది నీకూ తెలిసినట్టే. వద్దనిపిస్తే అదీ మంచిదే, ఎవరూ నిన్ను తక్కువ చేయరు.

చివరగా ఆ ఫారం సంగతి. ఎస్‌ఎస్‌బీలో నీ వివరాలు నింపే పీఐక్యూ ఫారంలో తండ్రి వృత్తి అని ఒక గడి ఉంటుంది. కొందరు పిల్లలు అక్కడ సిగ్గుపడి 'బిజినెస్' అని రాస్తారు. ఇంటర్వ్యూలో రెండో ప్రశ్నకే దొరికిపోతారు, అక్కడే నమ్మకం పోతుంది. నువ్వు తాపీ మేస్త్రీ అనే రాయి. తర్వాత మీ నాన్నతో నాలుగు రోజులు సైటుకు వెళ్లు. స్లాబు వేసే రోజు ఎంతమంది కావాలి, సిమెంటు, ఇసుక, కంకర ఏ పాళ్లలో కలుపుతారు, మధ్యలో వాన వస్తే ఏం చేస్తారు, కూలీలు ఇద్దరు గొడవపడితే మీ నాన్న ఎలా సర్దిచెబుతారు, పనివాడికి దెబ్బ తగిలితే మొదట ఎవరికి ఫోన్ చేస్తారు, ఇవన్నీ అడిగి తెలుసుకో. ఇంటర్వ్యూ ఆఫీసర్ నిన్ను కచ్చితంగా అడిగేవి ఇవే.